కోత పెట్టినవాడిదే పూచీ

చెక్క పడవ అడుగున పొడవాటి కోత పెట్టాలి. ఆ కోత మీద నీళ్ళు కారని పెట్టె నిలబెట్టాలి. పెట్టెలోంచి నీళ్ళలోకి పలక దింపాలి. చెప్పడానికి మూడు ముక్కలే గానీ, చేయడానికి వడ్రంగివాడు నేర్చినదంతా కావాలి. తలుపు వంగితే గడపకు రాసుకుంటుంది, చిత్రిక పట్టి సరిచేస్తాం. మంచంకోడు వదులైతే చీల దిగ్గొడతాం. పడవ అడుగున అతుకు వదులైతే మాత్రం, సరిచేసుకునే గడువు నీళ్ళు ఇవ్వవు. అందుకే మా పెద్దమేస్త్రీ మాకు మొదట నేర్పిన పాఠం ఒకటే: కోత పెట్టినవాడిదే పూచీ. ఇప్పుడు కోతలు పెట్టేవాళ్ళు పెరిగారు, పూచీ పడేవాళ్ళు కనపడటం లేదు. నా బాధంతా అదే.

మార్కాపురం, గిద్దలూరు వైపు పడవల మాటెందుకని మీరడగొచ్చు. వాన కోసం మొగం వాచిన నేల మాది. వందల అడుగులు బోరు దింపినా ఫ్లోరైడు నీళ్ళే పడే ఊళ్ళున్నాయి. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్ళొస్తాయని 1996లో శంకుస్థాపన జరిగిన నాటి నుంచీ కళ్ళు కాయలు కాచేలా చూశాం. అయినా మాకు కంభం చెరువుంది. నల్లమల కొండల సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువది. గజపతుల ఆడబిడ్డ, కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. కట్ట ఎత్తు 57 అడుగులని ఇంగ్లీషువాళ్ళ గెజెటీరులో రాశారు. పదివేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు. నిండితే దాదాపు 7 కిలోమీటర్ల పొడుగున, మూడున్నర కిలోమీటర్ల వెడల్పున నీళ్ళే నీళ్ళు. పడమటి గాలి కొండల మీంచి దిగిందంటే ఆ నీళ్ళ మీద నిలబడటానికి పుట్టి, తెప్ప చాలవు.

కంభం కుర్రాడొకడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవ నడపడం నేర్చాడు. అక్కడ సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్బుంది, సైన్యం వాళ్ళ ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషనుంది. వానాకాలపు గాలికి పోటీలు జరుగుతాయి. "తాతా, ఊరి మధ్య చెరువులో అంతమంది చాపలెత్తి తిరుగుతుంటే, మన చెరువులో ఒక్క చాపా లేకపోవడమేంటి?" అన్నాడు. ప్లైవుడ్డు షీట్లు తెచ్చి ఇంటి వసారాలోనే పడవ మొదలుపెట్టాడు. వాడి ఆశ నాకు నచ్చింది. పిల్లలు చేత్తో ఏదైనా చేయాలనుకోవడమే గొప్ప అయిన కాలంలో, పడవ చేయాలనుకున్నాడు. కానీ పలక పెట్టె బిగించి, చూడమని నన్ను పిలిచినప్పుడు మాత్రం నాకు కడుపు తరుక్కుపోయింది. తప్పు వాడొక్కడిది కాదు. వాడికి నేర్పినవాళ్ళు లేరు, అమ్మినవాళ్ళే ఉన్నారు.

ఈ పలక ఎందుకో ముందు చెప్తాను. గాలి వెనకనుంచి వస్తే ఏ పడవైనా ముందుకు పోతుంది. పక్కనుంచి వస్తే, చదునడుగు పడవ ముందుకు పోవడం మాని పక్కకు జారుతుంది. అడుగునుంచి ఒక పలక నిలువుగా నీళ్ళలోకి దిగి ఉంటే ఆ జారుడుకు అడ్డం పడుతుంది. అప్పుడు గాలి తోపు ముందు నడకగా మారుతుంది. లోతు తగ్గినచోట పలకను పైకి లాక్కోవచ్చు. అంచుల నిండా ఒండ్రు పేరుకున్న మా చెరువుల్లో ఆ వీలు లేకపోతే గట్టు చేరడమే కష్టం.

మనవాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. కోరమాండల్ తీరపు కట్టుమరాల్లో దుంగల సందులోంచి పలక దింపే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. తెప్పకు లోపలంటూ ఉండదు గనక నీళ్ళొచ్చినా నష్టం లేదు, పెట్టె అక్కర్లేదు. గోదావరి కాలువల నావలైతే గాలి కలిసొస్తే చాప ఎత్తేవి. లేకపోతే గడ వేసేవాళ్ళు, గట్టు మీంచి తాడు కట్టి లాగేవాళ్ళు. లోపల పొడిగా ఉండాల్సిన పడవ అడుగుకు కోత పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది. 1774లో బోస్టన్‌లో జాన్ షాంక్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి జారుడు పలకతో పడవ కట్టించాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియా తీరాన్ని సర్వే చేసిన లేడీ నెల్సన్ ఓడకు ఆయన పద్ధతిలోనే మూడు పలకలు పెట్టారు. 1811లో అమెరికాలోని న్యూజెర్సీలో స్వెయిన్ అన్నదమ్ములు పడవ నడుమ పెట్టే పలకకు పేటెంటు తీసుకున్నారు. రెండొందల ఏళ్ళు దాటినా, ఈ రకం పడవ కారిందంటే ఎవరైనా ముందు చూసేది పెట్టె మొదలునే.

నేను పని నేర్చుకుంది పలక చట్రాల దగ్గర. మార్కాపురమంటేనే రాతి పలకల ఊరు. మీటరు గేజి రైలు నడిచిన రోజుల్లో మా పలకలు ఎక్కడెక్కడి బడులకో పోయేవి. ఇప్పుడు బడిపిల్లల చేతిలో రాతి పలకే అరుదు. అదే రాయిని గోడలకూ నేలకూ బండలుగా అమ్ముకుంటున్నారు. పలక చట్రమంటే చిన్న పని అనుకుంటారు. రాయి ఉబ్బదు, చెక్క ఉబ్బుతుంది. గాడి మరీ బిగువుగా తీస్తే వానాకాలంలో చట్రం మూలలు విచ్చుకుంటాయి. వదులుగా తీస్తే రాయి గలగలలాడి, కిందపడ్డ మొదటిసారే పగులుతుంది. రాయికీ చెక్కకూ మధ్య ఎంత సందు వదలాలో వేలికొసకు తెలియాలి. ఆ తెలివి ముందు అబ్బితేనే మమ్మల్ని తలుపుల పనికి రానిచ్చేవాళ్ళు. ఇప్పుడు మొదటిరోజే చేతికి మిషను ఇస్తున్నారు. మిషను గాడి తీస్తుంది, సందెంతో దానికి తెలియదు.

పడవ పెట్టెలోనూ మొదటి లెక్క ఆ సందుదే. పలక మందానికి ఒక్కోవైపు రెండు మూడు మిల్లీమీటర్లు వదలాలి. అంతకు తగ్గితే పలక నీళ్ళు తాగి ఉబ్బి మధ్యలో బిగుసుకుంటుంది. గట్టు దగ్గర పైకి రాదు, లోతులో కిందికి దిగదు. అంతకు పెరిగితే గాలి మారినప్పుడల్లా పలక పెట్టె గోడలకు కొట్టుకుంటుంది. ఆ దెబ్బలన్నీ అడుగు అతుకుకే తగులుతాయి. మా కుర్రాడు పలక ఒకచోట కొలిచి, పెట్టెకు ఇంకోచోట కోయించాడు. పలకకు రంగు పూస్తే మందం పెరుగుతుందన్న ఆలోచనే లేదు. మా రోజుల్లో పలక పూర్తిగా తయారై, రంగు ఆరాకే పెట్టె కొలతలు గీసేవాళ్ళం.

ఇక కలప. అప్పట్లో కలపంటే దిగువమెట్ట డిపో గుర్తొచ్చేది. నల్లమల నుంచి దిగిన టేకు, నల్లమద్ది, ఏగిస, బండారు దుంగల్ని చూసి, తట్టి, చివర్ల పగుళ్ళు లెక్కపెట్టి, ఏది ఏ పనికో నిర్ణయించేవాళ్ళు పెద్దలు. కోసిన పలకల మధ్య పుల్లలు పెట్టి నీడన పేర్చేవాళ్ళం. అంగుళం మందానికి ఏడాది ఆరుదల, అది లెక్క. తొందర పెట్టే ఆసామి ఉంటే, "అయ్యా, కలపకు నువ్వు చెప్పినా నేను చెప్పినా ఒకటే, దాని టయానికే అది ఆరుద్ది" అని పంపించేవారు మా పెద్దమేస్త్రీ. ఇప్పుడు సామిల్లు నుంచి పచ్చికలప దిగిన రోజే పనికెక్కుతోంది. ఆరు నెలలకు తలుపు వంకరపోతే వాతావరణాన్ని తిడుతున్నారు.

ప్లైవుడ్డును నేను తిట్టను. మంచి ప్లైవుడ్డు మంచి సరుకే. పొరలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అతికించడం వల్ల అది చెక్కలాగా ఉబ్బిపోదు. పెట్టె గోడలకు పలకచెక్క కంటే అదే నయం. ఇంట్లో చేసుకునే చిన్న పడవలకు ప్రాణం పోసిందీ అదే. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్ పడవ ప్లైవుడ్డుదే. 1960ల మొదట్లో ఇంగ్లండులో వచ్చిన మిర్రర్ పడవను ప్లైవుడ్డు ముక్కల్ని రాగితీగతో కుట్టి, కుట్టు మీద జిగురు, గాజుపట్టీ వేసి ఇళ్ళల్లోనే కట్టుకున్నారు. కుట్టు పడవ మనకు వింత కాదు. మన తూర్పు తీరంలో మసులా పడవల్ని మేకు లేకుండా కొబ్బరితాడుతోనే కుట్టేవాళ్ళు, అలల దెబ్బకు విరక్కుండా వంగడానికి. నా గొడవ ప్లైవుడ్డుతో కాదు, చూడకుండా కొనడంతో. నీళ్ళ పనికి ఐఎస్ 710 రకం కావాలి. మా కుర్రాడికి అంటగట్టింది ఇంటి సామానుకు వాడే ఐఎస్ 303. "వాటర్‌ప్రూఫే తాతా, షాపాయన చెప్పాడు" అన్నాడు. మా రోజుల్లో చెప్పినవాడి నోటిని కాదు, సరుకుని చూసేవాళ్ళం. చిన్న ముక్క కోసి, గంటల తరబడి నీళ్ళలో ఉడకబెట్టు నాయనా అన్నాను. పొయ్యి మీదనే పొరలు విడిపోయాయి. అప్పుడు నమ్మాడు.

పెట్టె కట్టే వరస చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. రెండు గోడలు, వాటి మధ్య ముందొకటి వెనకొకటి నిలువు కొయ్యలు. ఈ నిలువు కొయ్యలు అడుగు కోతలోకి దిగి కూర్చోవాలి, ఊరికే పైన ఆనితే చాలదు. గోడల మొదట్లో అటొకటి ఇటొకటి మందమైన దిమ్మెలు వేసి, ఆ దిమ్మెల్ని పడవ అడుగు నడిమి దూలానికి బోల్టులతో బిగించాలి. పెట్టె పైఅంచు బయటి నీటిమట్టానికి బాగా ఎత్తులో ఉండాలి. పెట్టెలోకి నీళ్ళు వస్తాయి, రావాలి కూడా. బయట మట్టం ఎంతో లోపలా అంతే నిలుస్తాయి. పైనుంచి పొర్లే భయం అలలప్పుడే. అసలు భయమంతా మొదట్లో, దిమ్మె అడుగును తాకే చోట.

ఆ తాకే చోట మేం పడ్డ కష్టం ఇప్పుడు ఎవరూ పడటం లేదు. అడుగు ఎక్కడా తిన్నగా ఉండదు, కొంచెం వంపు ఉంటుంది. దిమ్మెను ఆ వంపుకు సరిపడా చెక్కాలి. అడుగుకు జాజు పూసి, దిమ్మెను ఒత్తి తీస్తే, ఎక్కడెక్కడ ఎర్ర మచ్చ పడిందో అక్కడక్కడే తగులుతున్నట్టు. ఆ మచ్చల్నే బాడిశతో, తర్వాత ఉలితో సన్నగా తీసి, మళ్ళీ ఒత్తి చూడాలి. మచ్చ చివరినుంచి చివరిదాకా ఒకే తీరున పడేవరకూ అదే పని. పొద్దు గూకినా సరే, "కానీలే" అనే మాట మా పెద్దమేస్త్రీ ముందు పలికే ధైర్యం ఎవరికీ లేదు. కొయ్య కొయ్యను పూర్తిగా పట్టాకే నూనెలో మరిగించిన గుగ్గిలం, దానిలో తడిపిన నూలుగుడ్డ మధ్యలో వేసి బిగించేవాళ్ళం. అతుకు నీళ్ళాపేది. గుగ్గిలం ఆ అతుకుకు తోడుండేది, అంతే.

ఇప్పుడంతా తిరగబడింది. అతుకు ఎలా ఉన్నా ట్యూబు నొక్కితే చాలు. మా కుర్రాడి దిమ్మె కింద వేలు దూరే సందులున్నాయి. ఆ సందుల నిండా సిలికాను. పైకి నున్నగా, చూడముచ్చటగా ఉంది. సిలికాను మీద రంగు పట్టదు, కొత్త జిగురూ పట్టదు. ఒక్కచోట ఊడిందంటే మొత్తం గీకి తీసేదాకా వేరే దేన్నీ అక్కడ నిలబెట్టలేం. ఎపాక్సీ సంగతి వేరు. దాన్ని సరిగా కలిపి, పొడి చెక్క మీద, గాజుపట్టీతో వేస్తే మా గుగ్గిలం కంటే గట్టిగానే నిలుస్తుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఎపాక్సీ డబ్బా మీద కూడా కొలత ప్రకారం కలపమనే రాసుంటుంది. కంటికి తోచినంత కలిపి, అది ఆరకపోతే డబ్బాను తిట్టేవాణ్ణి ఏం చేయాలి?

పెట్టె లోపలి గోడల సంగతి ఇంకా బాధ. పెట్టె మూసాక ఆ సన్నటి సందులోకి చెయ్యి పోదు, కుంచె పోదు. ఎప్పుడూ తడిలో ఉండేదీ అదే చోటు. కాబట్టి గోడలు కలపకముందే లోపలి ముఖాలకు రంగు పొరలు పూర్తిగా పట్టించాలి. పైకి కనపడే పడవంతా నీలంరంగు మెరిసిపోతోంది, కనపడని పెట్టె లోపల పచ్చి ప్లైవుడ్డు. మా రోజుల్లో కనపడని చోటే మేస్త్రీ ముందు చూసేవారు. అల్మారా చేస్తే వెనక చెక్క తిప్పి చూసేవారు. బీరువా సొరుగు లాగి దాని అడుగు తడిమేవారు. ఆసామి కళ్ళకు ఆననిచోట పని ఎలా చేశాడన్నదాన్నిబట్టే మనిషికి కూలి కట్టేవాళ్ళు.

మేకులూ మరలూ చూస్తే ఇంకా కోపమొస్తుంది. తడి తగిలేచోట ఇత్తడి మరలే వాడాలి, లేదా మంచి స్టెయిన్‌లెస్ స్టీలు. అంగడిలో దొరికే పసుపురంగు ఇనుప మరలు కొత్తలో ఇత్తడిలాగే మెరుస్తాయి. తడి చెక్కలో అవి లోలోపలే తుప్పుపట్టి, చుట్టూ చెక్కను నల్లగా చేసి తినేస్తాయి. అయస్కాంతం ముక్క పెట్టి చూస్తే రెండు క్షణాల్లో తేలిపోయే సంగతి. ఆ రెండు క్షణాలు కూడా ఎవరికీ లేవు.

బలం లెక్క కూడా చెప్పి తీరాలి. పలక నీళ్ళలోకి రెండడుగులో, అంతకంటే ఎక్కువో దిగి ఉంటుంది. పక్కనుంచి నీళ్ళు దాన్ని తోసినప్పుడు, పెట్టె పైభాగం రెండోవైపుకు ఒరగబోతుంది. ఆ లాగులాట అంతా మొదటి అతుకు మీదే పడుతుంది. అందుకని పెట్టె పైఅంచును పడవ అడ్డపలకతో, అంటే కూర్చునే బల్లతో, కలిపి బిగించాలి. బల్ల రెండు చివర్లూ పడవ పక్కలకు పట్టుకుని ఉంటాయి గనక పెట్టె ఊగదు. కాళ్ళు చాపుకోవడానికి అడ్డమొస్తుందని మా కుర్రాడు ఆ బల్ల తీసేశాడు. ఒక్కటే చెయ్యి వేసి పెట్టెను ఊపాను. అడుగు దగ్గర సిలికాను పెదవి విప్పినట్టు తెరుచుకుంది. వాడికి వేరే మాట చెప్పాల్సిన పని రాలేదు.

పలకను కూడా ఒకే వెడల్పు చెక్కలో తీయకూడదు. ఒకే చెక్క ఎండకూ తడికీ దోనెలాగా వంగుతుంది. సన్నటి బద్దలుగా చీల్చి, ఒకదాని చారలు పైకి, పక్కదాని చారలు కిందికి వచ్చేట్టు తిప్పి అతికిస్తే, ఒకటి వంగబోతే ఇంకోటి లాగి నిలబెడుతుంది. ఇది ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు. గడియ దొరికితే చెక్క చివర తిప్పి చారలు చూసే అలవాటు నుంచి వచ్చింది. ఇప్పటి పిల్లలకు చెక్క పేరే తెలియదు. షీటు నంబరు తెలుసు.

కోత పెట్టినచోట ఎంత జాగ్రత్త కావాలో నేర్పడానికి మా ప్రాంతంలో పడవలే అక్కర్లేదు, చెరువులు చాలు. చెరువుకట్టకు తూము కూడా కోతే. నీళ్ళాపడానికి కట్టిన గోడకు, నీళ్ళు వదలడానికి మనమే బెజ్జం పెడతాం. కట్టకు గండి పడే భయం ఎక్కువుండేది తూము పక్కనే, రాయికీ మట్టికీ పట్టు కుదరని చోటే. గిద్దలూరు దాటి కడప జిల్లాలోకి దిగితే పోరుమామిళ్ళ చెరువుంది. అక్కడ 1369 నాటి శాసనంలో, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరు ఆ చెరువు కట్టించిన వైనమంతా రాశారు. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో ఏకరువు పెట్టారు. ఆ దోషాల్లో కట్టనుంచి నీళ్ళు ఊరడం ఒకటి. కట్టించినవాళ్ళు తమ పని గొప్పతో పాటు, పని ఎక్కడ చెడుతుందో కూడా రాతి మీద చెక్కించారు. 2020లో కంభం చెరువుకూ పోరుమామిళ్ళ చెరువుకూ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాలుగా గుర్తింపొచ్చిందంటే, ఊరికే రాలేదు. ఆ కట్టల్ని కట్టినవాళ్ళు "కానీలే" అనుకుని ఉంటే, ఇవాళ గుర్తించడానికి అక్కడ కట్టే ఉండేది కాదు.

మాకు మిషన్లు లేవు గనక చేత్తో చేశాం, అందులో గొప్పేముంది అనేవాళ్ళున్నారు. చేత్తో చేశామని నేను గొప్ప చెప్పుకోవడం లేదు. ఇప్పుడున్న రంపం మిషను, ఎపాక్సీ, మంచి ప్లైవుడ్డు మా పెద్దమేస్త్రీ చేతికి అంది ఉంటే ఆయన కళ్ళకద్దుకునేవారు. అంత మంచి సరుకు చేతిలో ఉండి కూడా పని తీసికట్టుగా సాగుతోందే అన్నదే నా కోపం. సరుకు బాగుపడింది, చూపు చెడింది. తొందర పెరిగింది, పక్కన నిలబడి "మళ్ళీ ఒకసారి ఒత్తి చూడరా" అనే పెద్ద దిక్కు పోయింది. మార్కాపురంలో ఇవాళ వడ్రంగం నేర్చుకుంటానని వచ్చే పిల్లలు అరుదు. వచ్చినవాళ్ళనైనా నిలబెట్టి నేర్పే ఓపిక మావాళ్ళలోనూ తగ్గింది. అందుకే ఇది పిల్లల మీద వేసి ఊరుకునే ఫిర్యాదు కాదు. నా ఈడువాళ్ళు ఇంకా కొందరున్నారు. అరుగు మీద కూర్చుని కాలాన్ని తిట్టే బదులు, పక్కింటి కుర్రాడు ఉలి పట్టుకుంటే లేచి వెళ్ళండి.

మా కుర్రాడి పెట్టె మొత్తం విప్పించాను. ఏడవలేదు, విసుక్కోలేదు, అందుకు వాణ్ణి మెచ్చుకోవాలి. సరైన ప్లైవుడ్డు తెప్పించాడు. జాజు పూసి దిమ్మె ఒత్తడం నేర్చుకున్నాడు. ఎపాక్సీని తక్కెడలో తూచి కలిపాడు. కూర్చునే బల్ల మళ్ళీ వేశాడు. చివరగా వాడికి చెప్పిందే, ఇంట్లో పడవ కట్టుకునే ప్రతివాడికీ చెప్తున్నాను. పడవను చెరువుకు మోసుకెళ్ళకముందే, అడుగు కోతను బయటనుంచి గట్టిగా మూసి, పెట్టెలో అంచుదాకా నీళ్ళు పొయ్యండి. మొదలు చుట్టూ పొడి ముగ్గుపిండి చల్లి, తెల్లారేదాకా వదిలేయండి. పొద్దున పిండి ఎక్కడ తడిసిందో అక్కడ విప్పి మళ్ళీ చేయండి. ఎక్కడా తడవకపోతేనే ఇంకొకరిని ఆ పడవ ఎక్కమని పిలిచే హక్కు మీకుంటుంది.